నానోసెల్యులోజ్ జెల్‌కి బంకమట్టి తోడు: ఒక ప్రాజెక్టు డైరీ

ఏం కావాలి

సిరంజి నొక్కితే సాఫీగా రావాలి. బయటపడ్డాక పక్కలకి పాకకుండా, గీసిన గీత గీసినట్టే నిలవాలి. దాని మీద ఇంకో వరస పరిస్తే కింది వరస నలగకూడదు. ఈ ప్రాజెక్టులో నాకు కావలసిన పేస్టు అది. ముడిసరుకు చెక్క గుజ్జు నుంచి తీసిన నానోసెల్యులోజ్ (నానోమీటర్ల మందానికి చీల్చిన సెల్యులోజ్ నార), తోడు బంకమట్టి, మిగతాదంతా నీరు. పెట్రోలియం నుంచి వచ్చే పాలిమర్లు ఏవీ వేయకూడదని మొదటే నియమం పెట్టుకున్నాను.

నానోసెల్యులోజ్ ఒక్కటే చాలదా? నిలబడటం వరకే అయితే బ్రహ్మాండంగా చాలుతుంది. 3 శాతం పేస్టులో 97 వంతులు నీళ్లే, అయినా చెంచాతో తీస్తే కుప్పగా నిలుస్తుంది. చిక్కు సన్నటి గొట్టంలోంచి పంపేటప్పుడు వస్తుంది. ముందు నీళ్లు కారతాయి, తర్వాత ముద్ద ముద్దగా జెల్ వస్తుంది, చివరికి సిరంజిలో పిండేసిన దూదిలాంటి పిప్పి మిగులుతుంది. నారల వల అక్కడ జల్లెడ అయిపోతోంది: నొక్కుడుకి నీరు ముందుకి పోతుంది, నార వెనక ఆగిపోతుంది. గట్టిదనం కోసం సెల్యులోజ్ శాతం పెంచితే ఈ బాధ ఇంకా పెరుగుతుంది.

కాబట్టి నేను మట్టిని చూస్తున్నది జెల్‌ని గట్టి చేయడానికి మాత్రమే కాదు. నీటిని పట్టి ఉంచడానికి, నొక్కుడు ఆగగానే పట్టు తిరిగి తెచ్చుకోడానికి. ఈ రెండూ గట్టిదనం కన్నా నాకు ముఖ్యం.

రెండు జెల్స్

చేతిలో రెండు రకాలున్నాయి. మొదటిది మెకానికల్ జెల్. తెల్లబరిచిన గుజ్జుని నీళ్లతో కలిపి రాళ్ల మధ్య మళ్లీ మళ్లీ నూరితే నార చీలికలు చీలికలుగా విడిపోతుంది. కొన్ని పోగులు పది, ఇరవై నానోమీటర్ల మందం, కొన్ని ఇంకా లావు. పొడవు మాత్రం మైక్రోమీటర్లలో ఉంటుంది. ఇలా గుజ్జుని యంత్రబలంతో చీల్చి జెల్ చేయడాన్ని అమెరికాలో టర్బాక్ బృందం 1983లో ప్రచురించింది. వాళ్లు వాడింది అధిక పీడన హోమోజెనైజర్. చూడటానికి ఈ జెల్ తెల్లగా, పాలలా ఉంటుంది.

రెండోది టెంపో జెల్. టెంపో అనే ఉత్ప్రేరకం, సోడియం బ్రోమైడ్, సోడియం హైపోక్లోరైట్ కలిపి పీహెచ్ 10 దగ్గర సెల్యులోజ్ ఉపరితలాన్ని ఆక్సీకరిస్తే దాని మీద కార్బాక్సిలేట్ గుంపులు వస్తాయి. వాటి రుణావేశం పోగుల్ని ఒకదానినుంచి ఒకటి తోసేస్తుంది. తర్వాత కాస్త కదిపితే చాలు, 3, 4 నానోమీటర్ల మందం పోగులు విడివిడిగా వచ్చేస్తాయి. టోక్యో విశ్వవిద్యాలయంలో సైతో, ఇసొగాయ్ బృందం 2006లో దీన్ని చూపించింది. ఈ జెల్ దాదాపు గాజులా పారదర్శకంగా ఉంటుంది. నా దగ్గర ఉన్నది కొంచెమే, అందుకని ఎక్కువ పని మెకానికల్ జెల్‌తోనే.

రెండింటినీ ఎండనివ్వకూడదు. నానోసెల్యులోజ్ ఒకసారి ఎండితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి, మళ్లీ నీళ్లు పోసి ఎంత తిప్పినా పాత జెల్ రాదు. గడ్డకట్టించడమూ అంతే: మంచు స్ఫటికాలు పెరుగుతూ నారని పొరలు పొరలుగా తోసేస్తాయి. డబ్బా మూత, చల్లటి చోటు, అంతే.

మూడు రకాల మట్టి

కయోలిన్, సోడియం బెంటోనైట్, లాపొనైట్. మూడూ పలకల ఖనిజాలే అయినా నీళ్లలో మూడిటి నడవడి వేరు.

కయోలిన్ పలకలు నీళ్లలో ఉబ్బవు. మందంగా, మైక్రోమీటరు స్థాయిలో ఉంటాయి. దీన్ని తీసుకున్నది పోలిక కోసం. ఉబ్బని మట్టి వేసినా ఇదే ఫలితం వస్తే, అది జెల్‌లో బరువు పెరగడం వల్లే అనుకోవాలి.

బెంటోనైట్‌లో ముఖ్య ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్. దాని ఒక్కో రేకు మందం సుమారు 1 నానోమీటరు, వెడల్పు కొన్ని వందల నానోమీటర్లు. రేకుల మధ్య సోడియం ఉంటే నీరు లోపలికి దూరి రేకుల్ని విడదీస్తుంది. కాల్షియం ఉంటే అవి అంతగా విడిపోవు. నా పనికి ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే కాల్షియం నీళ్లలోకి వస్తే సెల్యులోజ్ మీది కార్బాక్సిలేట్లను జతలు జతలుగా పట్టేసి జెల్‌ని ముక్కలు ముక్కలుగా బిగిస్తుంది. మంచి సోడియం రకమే తీసుకుని, నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున కదపకుండా పైనీటిని మాత్రం వంచుకున్నాను. అడుగున మిగిలిన ఇసుక పళ్ల మధ్య పడ్డట్టు కరకరలాడింది. అది సిరంజి నాజిల్‌లోకి పోతే పని ఆగిపోయినట్టే. వంచుకున్న నీటిలో మట్టి ఎంత ఉందో 105 డిగ్రీల దగ్గర ఎండబెట్టి తూచాలి. వేసిన శాతాన్నే రాసుకుంటే లెక్క తప్పుతుంది.

లాపొనైట్ గనిలోంచి వచ్చేది కాదు, హెక్టొరైట్ అనే ఖనిజానికి కృత్రిమ రూపం. సోడియం, మెగ్నీషియం, లిథియం, సిలికేట్. గుండ్రటి బిళ్లలు, వ్యాసం సుమారు 25 నానోమీటర్లు, మందం 1 నానోమీటరు. తెల్లటి పొడిని డిస్టిల్డ్ నీళ్ల సుడిలో చల్లితే మొదట మబ్బుగా ఉంటుంది. అరగంటలో ఆ మబ్బు విడిపోయి నీళ్లు తేటగా అవుతాయి. ఈ తేటపడటం కోసం ఓపిక పట్టాలి. మబ్బు ఉండగానే వాడితే బిళ్లలు ఇంకా దొంతరలుగానే ఉన్నట్టు. పీహెచ్ తనంతట తానే 10కి దగ్గరగా వచ్చి నిలుస్తుంది.

తూకాల పద్ధతి

ఇలాంటి పనిలో ఒక ఉచ్చు ఉంది. మట్టిని నీళ్లలో కలిపి జెల్‌లో పోస్తే ఆ నీళ్లతో సెల్యులోజ్ పలచబడుతుంది. అప్పుడు గట్టిదనం మారింది మట్టి వల్లా, నీటి వల్లా తెలియదు. అందుకని ప్రతి నమూనాలోనూ సెల్యులోజ్ 1.5 శాతం దగ్గర స్థిరంగా ఉంచాను. వంద గ్రాముల నమూనాకి 3 శాతం జెల్ 50 గ్రాములు. మిగతా 50 గ్రాముల్లో మట్టి ద్రావణం ఎంత కావాలో అంత, తక్కినది నీరు. 2 శాతం మట్టి ద్రావణం 25 గ్రాములు వేస్తే మట్టి అర శాతం, 50 గ్రాములు వేస్తే 1 శాతం. మట్టి లేని నమూనాకి 50 గ్రాములూ నీరే. అన్నిటికీ ఒకే మిక్సీ, ఒకే వేగం, ఒకే సమయం. కలిపాక గాలి బుడగలు పోవడానికి వాక్యూమ్ డబ్బాలో పెట్టడం తప్పదు. కదలడానికి కనీస బలం కావలసిన ఇలాంటి జెల్‌లో చిన్న బుడగ తనంతట తాను పైకి రాలేదు.

కొలిచే పద్ధతి

స్నిగ్ధత ఇంత అని ఒక్క అంకె రాసేసి ఊరుకోవడం నాకు నచ్చదు. ఇలాంటి జెల్‌కి ఒకే స్నిగ్ధత అంటూ ఉండదు. మెల్లగా కదిపితే ఒకటి, వేగంగా కదిపితే దానికి వెయ్యో వంతు కూడా కావచ్చు. అసలు కదలడానికే ఒక కనీస బలం కావాలి. దాన్నే యీల్డ్ స్ట్రెస్ అంటారు. దాన్ని దాటాక వేగం పెరిగేకొద్దీ పలచబడుతూ పోతుంది. 1926 నాటి హెర్షెల్–బల్క్‌లీ సమీకరణం ఈ రెండిటినీ కలిపి చెబుతుంది: కనీస బలం ఒకటి, ఆ పైన వేగంతో మారే భాగం ఒకటి.

యీల్డ్‌కి బల్ల మీదే చేసుకునే పద్ధతి ఒకటుంది. 50 మిల్లీమీటర్ల ఎత్తు పైపు ముక్కని గాజు పలక మీద నిలబెట్టి, జెల్ నింపి, పైన గీసి, పైపుని నిట్టనిలువుగా పైకి తీయాలి. జెల్ కొంచెం కుంగుతుంది. ఎంత కుంగిందో మధ్యలో కొలవాలి. గనుల బురద కోసం 1996లో పషియాస్, బోగర్ బృందం ఈ పద్ధతికి తేలిక లెక్క ఇచ్చింది. కుంగిన ఎత్తుని మొత్తం ఎత్తుతో భాగించి, వర్గమూలం తీసి, దాన్ని ఒకటిలోంచి తీసేసి, వచ్చినదాన్ని సగం చేయాలి. దాన్ని సాంద్రత, గురుత్వ త్వరణం, ఎత్తు, ఈ మూడింటి లబ్ధంతో గుణిస్తే యీల్డ్ పాస్కల్స్‌లో వస్తుంది. నా పైపుకి ఆ లబ్ధం 490 పాస్కల్స్. అంటే 20 మిల్లీమీటర్లు కుంగితే సుమారు 90 పాస్కల్స్. ఏమాత్రం కుంగకపోతే 245 దాటిందని మాత్రమే తెలుస్తుంది, ఎంతో తెలియదు.

20 పాస్కల్స్ లోపు ఉంటే జెల్ పలక మీద రొట్టెలా పరుచుకుపోతుంది, పైపు పనికి రాదు. అక్కడ బేరింగు గుండ్లు వాడుతున్నాను. యీల్డ్ ఉన్న ద్రవంలో గుండు మునగాలంటే దాని బరువు ఒక హద్దు దాటాలి. 1985లో బెరిస్ బృందం వేసిన లెక్క ప్రకారం ఆ హద్దు, సాంద్రతల తేడాని గురుత్వ త్వరణంతోనూ, వ్యాసంతోనూ గుణించి 21తో భాగిస్తే వచ్చేది. 3 మిల్లీమీటర్ల ఉక్కు గుండుకి అది దాదాపు 10 పాస్కల్స్, 6 మిల్లీమీటర్లదానికి దాదాపు 19, అదే 3 మిల్లీమీటర్ల గాజు పూసకి రెండే. మూడూ వరసగా జెల్‌లో ఉంచి ఏది మునిగిందో చూస్తే యీల్డ్ ఏ రెండిటి మధ్య ఉందో తేలిపోతుంది.

ఈ రెండు పద్ధతుల్లో నాకు నచ్చిన గుణం, గోడ మీద జారుడు ఫలితాన్ని పెద్దగా చెడగొట్టదు. నానోసెల్యులోజ్ జెల్ నున్నటి లోహాన్ని తాకితే అక్కడ నార తక్కువైన పల్చటి నీటిపొర ఏర్పడుతుంది. దాని మీద జెల్ మొత్తం ముద్దగా జారిపోతుంది. నున్నటి పళ్లేల మధ్య కొలిచిన అంకెల్లో జెల్ ఎంతో, ఆ నీటిపొర ఎంతో విడదీయలేం.

తొలి ఫలితాలు

ప్రతి నమూనానీ బాగా కదిపి, పైపులో నింపి, ఒకే విరామం ఇచ్చాక పైపు తీశాను. మట్టి లేనిది 33 మిల్లీమీటర్లు కుంగింది, అంటే సుమారు 46 పాస్కల్స్. 1 శాతం కయోలిన్‌తో 32. లెక్కకి 49 పాస్కల్స్ వచ్చినా, ఆ ఒక్క మిల్లీమీటరు తేడాని నేను నమ్మను. బెంటోనైట్ 1 శాతంతో 25, అంటే 72 పాస్కల్స్. లాపొనైట్ అర శాతంతో 21, అంటే 86. లాపొనైట్ 1 శాతంతో 12 మాత్రమే కుంగింది, 125 పాస్కల్స్.

మట్టి బరువు వల్ల ఇదంతా జరగడం లేదని కయోలిన్ చెప్పేసింది. నీళ్లలో విడిపోయే మట్టి అయితేనే పని చేస్తోంది. అది ఎంత చిన్న రేకులుగా విడిపోతే అంత ఎక్కువ పని చేస్తోంది.

ఈ అంకెల పక్కన ఇంకో నమూనా కూడా చేసి పెట్టాను. మట్టి లేకుండా, సెల్యులోజ్‌నే 2.3 శాతానికి పెంచినది. అది కూడా 12 మిల్లీమీటర్లే కుంగింది. గాజు పలక మీద ఇదీ, లాపొనైట్ నమూనా పక్కపక్కన పెడితే ఎవరూ తేడా చెప్పలేరు. అసలు పోలిక ఈ రెండిటి మధ్యే.

కలిపే వరస

ఒకే తూకాలతో మూడు వరసల్లో కలిపి చూశాను. మూడూ మూడు రకాల పేస్టులయ్యాయి.

పొడి బెంటోనైట్‌ని నేరుగా జెల్‌లో చల్లితే ఉండలు కట్టింది. జెల్‌లో నీరు ఉన్న మాట నిజమే కానీ నారల వల దాన్ని పట్టుకుని ఉంటుంది. పొడి ఉండ పైపొర తడిసి ఉబ్బగానే అదే తొడుగులా మారి లోపలికి నీటిని పోనివ్వదు. ఆ ఉండని వేళ్ల మధ్య నలిపితే లోపల పొడి పొడిగానే ఉంది. మిక్సీలో ఎంత తిప్పినా ఆ ఉండలు జెల్‌తో పాటు తిరుగుతాయే తప్ప చితకవు. మెత్తటి జెల్‌లో వాటికి తగిలే దెబ్బ ఏముంటుంది?

రెండో వరస: మట్టిని ముందే నీళ్లలో పూర్తిగా విడదీసి, ఆ ద్రావణాన్ని జెల్‌లో పోయడం. పై అంకెలన్నీ ఇలా చేసినవే.

మూడో వరసలో లాపొనైట్ ద్రావణాన్ని ఒక రాత్రి ఉంచి, అది తానే మెత్తటి జెల్‌గా మారాక సెల్యులోజ్‌లో కలిపాను. గ్లాసు వంచితే కదలనంత గట్టిగా ఉన్నదాన్ని కలిపితే ఇంకా బలంగా వస్తుందేమో అనిపిస్తుంది. వచ్చింది తక్కువే, పైగా పేస్టు నున్నగా లేదు. వెలుగుకి ఎదురుగా పెట్టి చూస్తే తేట మచ్చలు, తెల్ల మచ్చలు విడివిడిగా కనిపించాయి. లాపొనైట్ జెల్ ముక్కలుగా విరిగి నారల మధ్య ఇరుక్కుంది, అల్లుకోలేదు. బిళ్లలు ఒకదాన్నొకటి పట్టుకోకముందే వాటి మధ్యకి నార చేరాలి. కాబట్టి తేటపడిన వెంటనే, బిగుసుకోకముందే కలపాలి. ఈ పనిలో నాకు బాగా నమ్మకం కుదిరిన విషయం ఇదే: మట్టి ఎంత శాతం అన్నదానికన్నా ముందు, అది ఏ స్థితిలో ఉండగా కలిపామన్నది రాసుకోవాలి.

పేకమేడ నిజంగా ఉందా

లాపొనైట్ బిళ్ల ముఖం మీద రుణావేశం శాశ్వతం. అంచుల దగ్గర మాత్రం, పీహెచ్ మరీ ఎక్కువ కానంతవరకు, కొంత ధనావేశం ఉంటుంది. ఒకదాని అంచు ఇంకోదాని ముఖానికి ఆనుకుని నిలిస్తే మొత్తం పేకమేడ కట్టినట్టవుతుందని చెబుతారు. సెల్యులోజ్ పోగు మీద కూడా రుణావేశమే. మెకానికల్ జెల్‌లో అది కొంచెమే, గుజ్జులో మిగిలిన హెమిసెల్యులోజ్ నుంచి వచ్చేది. అంటే బిళ్ల అంచు పోగుని కూడా పట్టుకోగలగాలి. పుస్తకంలో చదివితే సరే, నా గిన్నెలో అదే జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

అంచుల్ని మూసేసి చూడాలి. టెట్రాసోడియం పైరోఫాస్ఫేట్ సరిగ్గా ఆ పని చేస్తుంది: దాని రుణావేశపు అయాన్లు బిళ్ల అంచుల మీద చేరి అక్కడి ధనావేశాన్ని కప్పేస్తాయి. లాపొనైట్ 1 శాతం ఉన్న పేస్టులో దీన్ని 0.1 శాతం వేశాను. 12 మిల్లీమీటర్ల కుంగుడు 29కి పెరిగింది, అంటే 125 పాస్కల్స్ 58కి పడింది. మట్టి లేని జెల్‌కి దగ్గరగా వచ్చేసింది.

పైరోఫాస్ఫేట్ వేయడమంటే ఉప్పు వేయడం కూడా. లీటరుకి 1 గ్రాము వేస్తే దాంతో పాటు దాదాపు 15 మిల్లీమోల్‌ల సోడియం వస్తుంది. పలచబడింది ఆ సోడియం వల్లే అని ఎవరైనా అనొచ్చు. అందుకని అంతే సోడియం మామూలు ఉప్పు రూపంలో వేసి పక్కన ఇంకోటి చేశాను. లీటరుకి 0.88 గ్రాములు. అది పలచబడకపోగా కొంచెం బిగిసింది, 10 మిల్లీమీటర్లే కుంగింది. సోడియం రెండిటిలోనూ అంతే, ఫలితాలు ఎదురెదురు. పట్టు అంచుల దగ్గరే ఉందని ఇక నాకు సందేహం లేదు.

దీంతో ఒక చక్కని సదుపాయం కూడా దొరికింది. మట్టి శాతం మార్చకుండానే గట్టిదనాన్ని రెండు వైపులా తిప్పగలను. చిటికెడు ఉప్పుతో బిగించొచ్చు, చిటికెడు పైరోఫాస్ఫేట్‌తో వదులు చేయొచ్చు.

సిరంజి పరీక్ష

సిరంజిని నిలువుగా బిగించి పిస్టన్ మీద బరువులు పెడుతున్నాను. పిస్టన్ వ్యాసం 20 మిల్లీమీటర్లు. 1 కిలో పెడితే లోపల పీడనం సుమారు 31 కిలోపాస్కల్స్. నాజిల్ లోపలి వ్యాసం 1.5, పొడవు 25 మిల్లీమీటర్లు. ఈ కొలతలకి నాజిల్ గోడ దగ్గర పడే బలం దాదాపు 470 పాస్కల్స్. రబ్బరు రాపిడి కూడా బరువులో కొంత తినేస్తుంది, దాన్ని నీళ్లు నింపి విడిగా కొలిచి తీసేయాలి.

125 పాస్కల్స్ ఉన్న రెండు పేస్టుల్నీ ఇందులో పెట్టాను. సెల్యులోజ్ 2.3 శాతం ఉన్నది ముందు ఒక తేట బొట్టు వదిలింది. తర్వాత గీత వచ్చింది, కానీ దాని ఒళ్లంతా గరుకు, అక్కడక్కడ తెగి మళ్లీ ఉబుకుతూ వచ్చింది. సిరంజిలో ఇంకా కొంత మిగిలి ఉండగానే ఆగిపోయింది, అదే బరువుకి ఇక కదల్లేదు. మొదట వచ్చిన భాగాన్నీ చివర వచ్చినదాన్నీ ఎండబెట్టి తూస్తే మొదటిదాంట్లో ఘనపదార్థం 1.9 శాతం, చివరిదాంట్లో 2.9.

లాపొనైట్ ఉన్నది మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో వచ్చింది. గీత అంచులు నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. మొత్తం ఘనం 2.5 శాతం ఉండాల్సిన చోట మొదట 2.4, చివర 2.6. దాన్ని చూస్తూ కూర్చోవడం నాకు చాలా తృప్తిగా అనిపించింది. యీల్డ్ ఒక్కటే కొలిచి ఆపేసి ఉంటే ఈ రెండు పేస్టులూ ఒకటే అనుకునేవాణ్ని.

కారణం నాకు తోచినంతవరకు ఇది. నారల మధ్య ఖాళీలు పెద్దవి, నీరు సులువుగా దూరిపోతుంది. ఆ ఖాళీల్లో 25 నానోమీటర్ల బిళ్లల అల్లిక నిండితే నీరు పోయే దారులన్నీ ఇరుకవుతాయి. బావులు తవ్వే డ్రిల్లింగ్ ద్రవాల్లో బెంటోనైట్ వేసేది కూడా కొంతవరకు ఇందుకే: చుట్టూ ఉన్న రాయిలోకి నీరు ఇంకిపోకుండా పల్చటి పొర కట్టడానికి. బెంటోనైట్ పేస్టు కూడా నా సిరంజిలో నీరు వదలలేదు. యీల్డ్‌లో లాపొనైట్ కన్నా వెనకబడ్డా ఈ విషయంలో దానికి సాటిగా నిలిచింది. రంగు పసుపు బూడిద కావడం అభ్యంతరం లేని పనికి బెంటోనైటే మేలు.

టెంపో జెల్‌తో

కొంచెమే ఉంది కాబట్టి గుండ్ల పరీక్షలతో సరిపెట్టాను. ఇక్కడ మట్టి ప్రభావం మరీ త్వరగా కనిపించింది. అర శాతం లాపొనైట్ పోసి కలుపుతుండగానే గరిటె బరువెక్కింది. దీనికి ఒక తేలిక లెక్క ఉంది. ఈ జెల్‌లో గ్రాము సెల్యులోజ్‌కి కార్బాక్సిలేట్ సుమారు 1 మిల్లీమోల్ అనుకుంటే, 1 శాతం జెల్‌లో లీటరుకి 10 మిల్లీమోల్‌ల సోడియం దానితో పాటే ఉంటుంది. లాపొనైట్‌ని బిగించడానికి కొన్ని మిల్లీమోల్‌ల ఉప్పు చాలు. అంటే టెంపో జెల్ తనలోనే ఉప్పు మోసుకొస్తోంది. అందుకే దీనికి మట్టి ద్రావణాన్ని పలచగా చేసి, సన్నటి ధారగా, ఆపకుండా కలుపుతూ పోయాలి.

ఒక నమూనాలో డిస్టిల్డ్ నీటి బదులు కుళాయి నీళ్లు వాడాను, కాల్షియం ఏం చేస్తుందో కళ్లతో చూద్దామని. పారదర్శకంగా ఉన్న జెల్‌లో నిమిషాల్లో మబ్బు తునకలు తేలాయి. తునకలు గట్టిగా ఉన్నాయి, వాటి మధ్య నీరు వదులుగా ఉంది. 3 మిల్లీమీటర్ల గుండు ఒక చోట ఆగింది, అర అంగుళం పక్కన మునిగింది.

రియోమీటరు దగ్గర

ఒక ల్యాబులో కొద్దిసేపు రియోమీటరు, అంటే జెల్ పారుడునీ పట్టునీ కొలిచే యంత్రం, దొరికింది. నున్నటి పళ్లేలు కాకుండా రెక్కల వేన్ పెట్టమని అడిగాను, జారుడు గొడవ లేకుండా. చూడదలచింది ఒక్కటే: గట్టిగా తిప్పి జెల్‌ని విరగ్గొట్టి, ఆపిన తర్వాత పట్టు ఎంత త్వరగా తిరిగొస్తుందో.

ఇది కూడా 125 పాస్కల్స్ ఉన్న ఆ రెండు పేస్టులకే చేయించాను. సెల్యులోజ్ మాత్రమే ఉన్న జెల్ ఆపిన వెంటనే చాలావరకు తేరుకుంది, కానీ అక్కడే ఆగింది. మొదటి స్థాయికి రాలేదు. తిప్పినప్పుడు నారలు గుంపులుగా చుట్టుకుపోయాయి, విశ్రాంతి ఇస్తే ఆ గుంపులు విడిపోవు. లాపొనైట్ ఉన్నది వెంటనే అంత తేరుకోలేదు కానీ ఆగకుండా పెరుగుతూ పోయి మొదటి స్థాయిని దాటింది. లాపొనైట్‌కి ఈ ముదిరే గుణం సహజం, రోజుల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. అందుకే విరామం ఎంత ఇచ్చామో రాయకుండా లాపొనైట్ పేస్టు యీల్డ్ చెప్పడంలో అర్థం లేదు. నా పైపు పరీక్షలన్నిటికీ ఒకే విరామం పెట్టుకున్నది ఇందుకే.

నిల్వ

లాపొనైట్ పేస్టు పీహెచ్ 9 కన్నా కిందికి పోకూడదు. ఆమ్లం తగిలితే బిళ్లల్లోంచి మెగ్నీషియం కరిగి బయటికొస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా నెమ్మదిగా ఈ పని చేస్తుంది. మెగ్నీషియం రెండు ఆవేశాల అయాన్, అది మళ్లీ సెల్యులోజ్‌ని పట్టుకుంటుంది. మూత బిగుతుగా పెట్టిన డబ్బా, మూత కింద గాలి తక్కువ ఉండేలా నిండా నింపడం. మూత వదులుగా ఉంచిన ఒక డబ్బాలో పీహెచ్ తగ్గుతూ రావడం కొలిచాను. పైపొర కిందిదానికన్నా గట్టిగా ఉంది.

ఇప్పటి స్థితి

ప్రస్తుతానికి నిలిచిన తూకం: సెల్యులోజ్ 1.5 శాతం, లాపొనైట్ 0.8, తేటపడిన వెంటనే కలిపినది, ఉప్పు లేదు. పది వరసలు ఒకదాని మీద ఒకటి పరిచినా కింది వరస పక్కలకి ఉబకలేదు. ఇక మిగిలిన పెద్ద సమస్య ఎండటం. 97 వంతులు నీరున్న గీత గాలికి ఎండితే ఎత్తు దాదాపు పూర్తిగా పోయి కాగితంలా పలచబడుతుంది. ఆ కాగితం మాత్రం అద్భుతంగా ఉంది. ఎండేటప్పుడు బిళ్లలన్నీ పడుకుని పొరలు పొరలుగా సర్దుకుంటాయి, అందుకే గట్టిగా, కొంచెం మెరుపుతో ఉంది. మట్టి సగం ఉండేలా చేసిన పొరకి మంట తగిలిస్తే నల్లబడింది కానీ ఆకారం పోలేదు. ఇది వేరే ప్రాజెక్టుకి సరుకు.

ఆకారం నిలవాలంటే నీరు మంచుగా మారి, ఆ మంచు ద్రవం కాకుండా నేరుగా ఆవిరై పోవాలి, అంటే ఫ్రీజ్ డ్రైయింగ్. దానికి యంత్రం చూస్తున్నాను. ఈలోగా సెపియొలైట్ తెప్పించాను. అది పలక కాదు, సూది ఆకారపు మట్టి, ఉప్పునీటిలో కూడా చెదరదు కాబట్టి ఉప్పు డ్రిల్లింగ్ ద్రవాల్లో వాడతారు. లాపొనైట్‌కి పడనంత ఉప్పు, కఠిన జలం ఉన్న చోట అది పనికొస్తుందేమో చూడాలి. మొదటి బ్యాచ్ నానుతోంది. అదే పైపు, అదే విరామం, సెల్యులోజ్ అదే 1.5 శాతం.